ఊసరవెల్లి రెట్ట చూసే విద్య

నా కొడుకు నోటి వెంట వచ్చిన మొదటి పూర్తి తెలుగు వాక్యం ఒక ఊసరవెల్లి రెట్ట గురించి. అది కూడా నాతో అన్నది కాదు, పక్క బిల్డింగులో ఉండే ముసలాయనతో. ఆ ముసలాయన మీద నాకెంత కుళ్లు పుట్టిందో, ఆ కుళ్లులో నేనేం చేశానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. అయినా చెబుతాను.

అప్పుడు మేం బెంటన్‌విల్‌లో ఉండేవాళ్ళం. 2010వ సంవత్సరం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే కాంట్రాక్టరుని. ఒకరు రాసిన ప్రోగ్రాంలోకి కావాలని తప్పుడు డేటా పంపించి, అది ఎక్కడ బోల్తా కొడుతుందో చూడడం నా ఉద్యోగం. ఇంట్లో కూడా నాకు అదే బుద్ధి అని మా ఆవిడ వసుమతి అంటుంది. మా నీల్‌కి అప్పుడు పదేళ్ళు. ఇక్కడే, ఈ పరాయి దేశంలోనే పుట్టాడు. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడడు. "అన్నం తిన్నావురా?" అంటే "యా" అంటాడు. "ఏం కూర?" అంటే "దట్ గ్రీన్ థింగ్" అంటాడు. రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం నిద్ర మానుకుని వాణ్ణి తెలుగు క్లాసుకి డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. అక్షరాలు వచ్చాయి, మాట మాత్రం రాలేదు. నాతో తెలుగులో ఒక్క మాట మాట్లాడితే చాలు, ఇంకేమీ వద్దనుకునే స్థితికి వచ్చాను.

పదో పుట్టినరోజుకి వాడు కుక్కని అడిగాడు. మా అపార్ట్‌మెంట్ లీజులో కుక్కలు కుదరవు, పంజరంలో ఉండేవి మాత్రమే పెంచుకోవచ్చు. వాడు నెలరోజులు ఇంటర్నెట్ అంతా వెతికి ఊసరవెల్లిని ఎంచుకున్నాడు. ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మ మీదికి వెళ్ళడానికి దానికి పావుగంట పడుతుంది కాబట్టి దానికి రాకెట్ అని పేరు పెట్టాడు. దాని తిండి బతికున్న కీచురాళ్ళు. కోడిగుడ్డు కూడా గడప దాటని మా ఇంట్లోకి పురుగుల డబ్బా వచ్చింది. వసుమతి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు నుంచి ఆ పురుగులకి కేరట్ తొక్కలు తానే వేయడం మొదలుపెట్టింది.

ఊసరవెల్లికి జబ్బు చేస్తే పైకి కనబడనివ్వదట. పడిపోయే దాకా బాగున్నట్టే నటిస్తుంది. అందుకని దాన్ని పెంచేవాళ్ళు రోజూ దాని రెట్ట చూస్తారు. పంజరం అడుగున పేపర్ టవల్ పరుస్తారు. పొద్దున్నే అందులో ఏం పడిందో చూస్తారు. గోధుమరంగు భాగం గట్టిగా, ఒక ఆకారంలో ఉండాలి. దాని పక్కనుండే రెండో భాగం తెల్లగా ఉండాలి. పసుపు పచ్చగానో నారింజ రంగులోనో ఉంటే నీళ్ళు చాలనట్టు. జిగురుగా, నీళ్ళలా, కంపు కొడుతూ ఉంటే కడుపులో పురుగులున్నట్టు. ఇదంతా నీల్ నాకు ఇంగ్లీషులో చెప్పాడు. నేను ఫోన్ చూసుకుంటూ "ఊఁ" అన్నాను. అక్కడ చేసిన పొరపాటుకి తర్వాత చాలా ఏడ్చాను.

ఆ ఏప్రిల్‌లో పక్క బిల్డింగులో ఉండే మా ఆఫీసు రామమోహన్ వాళ్ళ నాన్న పరంధామయ్యగారు ఆరునెలలకని వచ్చారు. మార్కాపురం పశువుల ఆస్పత్రిలో ముప్పై నాలుగేళ్ళు కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. మే నెలలో కూడా మంకీ కాప్ పెట్టుకుని పార్కింగ్ లాట్ చుట్టూ నడిచేవారు. ఒకరోజు పొద్దున్న పాలలోకి తోడు కోసం గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చారు. హాల్లో నీల్ పేపర్ టవల్‌కి ఫొటో తీస్తున్నాడు.

"ఏందిరా నాయనా అది?" అన్నారాయన.

"రాకెట్ పూప్," అన్నాడు నీల్.

ఆయన గిన్నె కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి చూశారు. వసుమతిని ఒక పంటిపుల్ల అడిగి తీసుకుని దాంతో కదిపారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మావాడి కళ్ళు ఇంతింతయ్యాయి. వాడి జీవితంలో ఆ రెట్టని అంత మర్యాదగా చూసిన మొదటి పెద్దమనిషి ఆయనే.

"అరుగుదల బాగుంది. సున్నం కూడా తెల్లగా ఉంది. ఢోకా లేదు," అన్నారు. "ఊసరవెల్లికి నేనెప్పుడూ వైద్యం చెయ్యలేదు గానీ, ఏ జంతువైనా కడుపులో సంగతి వెనకనించే చెప్తదిరా."

తెల్లభాగాన్ని ఆయన సున్నం అన్నారు. ఆ రోజు నుంచి మావాడూ సున్నమే అన్నాడు. చెంచాని చెంచా అనడం రానివాడికి సున్నం, జిగురు, పలచన, అరుగుదల, మందగించడం, అన్నీ వచ్చేశాయి. ఆయనకి ఇంగ్లీషు రాదు. వీడు చెప్పకపోతే ఆయనకి తెలియదు, ఆయన చెప్పకపోతే వీడికి తోచదు. రోజూ ఏడింటికి ఆయన వచ్చేవారు. ఇద్దరూ పంజరం ముందు గొంతుక్కూర్చునేవారు.

మే చివర్లో ఒక పొద్దున్న నేను బూట్ల లేసు కట్టుకుంటున్నాను. హాల్లోంచి నీల్ గొంతు వినిపించింది.

"తాతయ్యా, ఇవాళ సున్నం తెల్లగానే ఉంది, కానీ కింద కొంచెం పలచగా ఉంది."

లేసు చేతిలో అలాగే ఉండిపోయింది. వసుమతి వంటింట్లోంచి తల బయటికి పెట్టి నవ్వుతూ నావైపు చూసింది. "విన్నావా?" అంది. విన్నాను. సంతోషించాల్సిన మాటే. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళు ఆదివారాలు పోగొట్టుకున్నవాణ్ణి నేను, పంటిపుల్లతో వచ్చి పట్టుకుపోయింది ఆయన.

నేనూ ఊరుకోలేదు. ఊసరవెల్లుల ఫోరంలన్నీ చదివాను. నాలుగు రంగుల్లో ఒక చార్ట్ తయారు చేశాను. ఆరోగ్యం, అనుమానం, ప్రమాదం అని గడులు గీసి, ప్రతి గడిలో ఒక రెట్ట ఫొటో పెట్టి, ఆఫీసులో ప్రింట్ తీసి లామినేషన్ చేయించి తెచ్చాను. ఎక్సెల్‌లో రోజువారీ లెక్క కూడా మొదలుపెట్టాను. నీల్ చార్ట్ చూసి "ఇట్స్ నైస్, డాడ్" అన్నాడు. మర్నాడు దాని మీద నీళ్ళ స్ప్రే బాటిల్ పెట్టి ఉంది.

జూలైలో రెట్ట పసుపు పచ్చబడింది. నా చార్ట్ ప్రకారం అది 'అనుమానం' గడి. నేనింకా ఫోరంలో ప్రశ్న టైప్ చేస్తూనే ఉన్నాను, పరంధామయ్యగారు పైకి చూసి, "ఏసీ గాలి నేరుగా దీనిమీద కొడతాందిరా, నీళ్ళు ఆరిపోతన్నయ్," అన్నారు. పంజరాన్ని అవతలి గోడకి జరిపారు. రోజుకి రెండుసార్లు చల్లే నీళ్ళు నాలుగుసార్లు చల్లమన్నారు. మూడో రోజుకి సున్నం తెల్లబడింది. నీల్ పరిగెత్తుకెళ్ళి ఆయన నడుం కావలించుకున్నాడు. వాడు నన్ను అలా పట్టుకుని ఏడాది దాటింది. నేను సోఫాలో కూర్చుని లాప్‌టాప్ వైపు చూస్తూ ఆ ముసలాయన టిక్కెట్ ఎప్పటికి ఉందో మనసులో లెక్క వేసుకున్నాను. అక్టోబర్ మూడో శనివారం.

అక్టోబర్ వచ్చింది. ఆయన వెళ్ళిపోతారు, ఇక పంజరం ముందు చోటు నాదే అనుకున్నాను. అప్పుడు నీల్ భోజనాల దగ్గర ప్రకటించాడు. తాతయ్య వెళ్ళాక కూడా రోజూ స్కైప్‌లో రెట్ట చూపిస్తాడట. రామమోహన్ అంకుల్ మార్కాపురంలో కంప్యూటర్ పెట్టిస్తున్నాడట. అంటే ఆయన వెళ్ళినా వెళ్ళనట్టే.

"ఫొటో చూసి ఏం చెప్తారురా? వాసన స్కైప్‌లో వస్తుందా?" అన్నాను.

"తాతయ్య కెన్ టెల్," అన్నాడు నీల్.

ఆయన ప్రయాణానికి వారం ముందు, శుక్రవారం సాయంత్రం కీచురాళ్ళు కొనడానికి పక్క ఊరు రోజర్స్‌లో ఒక చిన్న పెట్ షాపుకి వెళ్ళాను. వెనక గదిలో ఎవరో పెంచలేక వదిలేసి వెళ్ళిన ఊసరవెల్లి ఒకటుంది. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. షాపు అమ్మాయి దానికి సిరంజితో నీళ్ళు పడుతోంది. దాని పంజరం అడుగున రెట్ట నారింజ రంగులో, జిగురుగా, నా చార్ట్‌లో 'ప్రమాదం' గడిలోంచి లేచి వచ్చినట్టు ఉంది. మావాడి స్కూల్ ప్రాజెక్టుకని అబద్ధం చెప్పి ఒక జిప్ బ్యాగులో అడిగి తెచ్చుకున్నాను. ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి ఇచ్చింది.

నా లెక్క ఇది. ఈ రెట్ట చూసి కూడా ఆయన అలవాటుగా "ఢోకా లేదు" అంటే, నేను చార్ట్ తీసి చూపిస్తాను. జబ్బని అంటే, రాకెట్‌ని వెటర్నరీ డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తాను, ఆవిడ జంతువు భేషుగ్గా ఉందంటుంది. ఎటు చూసినా ముసలాయన తప్పుతాడు. తప్పుడు డేటా పంపించడం నాకు రోజూ చేసే పనే కదా. మనిషి మీద చేస్తున్నానన్న స్పృహ కూడా రాలేదు. శనివారం పొద్దున్న నీల్ లేవకముందే రాకెట్ రెట్ట తీసేసి, ఇది పెట్టాను.

ఏడింటికి ఆయన వచ్చారు. చూశారు. మొహం మారిపోయింది. పుల్లతో కదిపారు, వాసన చూశారు. లేచి నిలబడి రాకెట్ వైపు చూశారు. అది కొమ్మ చివర నిక్కి నిలబడి, పచ్చగా మెరుస్తూ, కీచురాయిని నాలుకతో కొట్టి మింగింది. ఆయన మళ్ళీ కూర్చుని రెట్ట చూశారు. ఐదు నిమిషాలు గడిచాయి.

"తాతయ్యా, జబ్బు వచ్చిందా?" అన్నాడు నీల్ సన్నగా.

"నాకు తెలీడం లేదురా నాయనా," అన్నారాయన. "జంతువు చూస్తే ఉషారుగా ఉంది. రెట్ట చూస్తే రేపో మాపో అన్నట్టుంది. ముప్పై నాలుగేళ్ళలో ఇట్టాంటిది చూళ్ళా. ఇన్నాళ్ళూ నీకు తప్పు చెప్పానో ఏమో. నా మాట ఇక వినొద్దు. పెద్ద డాక్టర్‌కి చూపించండయ్యా భాస్కరూ."

నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. ఆయన పంటిపుల్లని పేపర్ టవల్ మీద పెట్టేశారు. నేను గెలిచాను. "పద నీల్, డాక్టర్ దగ్గరికి వెళ్దాం" అని తాళాలు తీసుకున్నాను.

డాక్టర్ ఉండే ఫయెట్‌విల్ దాకా ముప్పావుగంట. దారంతా నీల్ నన్ను అడుగుతూనే ఉన్నాడు. చచ్చిపోతుందా డాడ్, నొప్పిగా ఉంటుందా డాడ్, నువ్వు ఫోరంలో ఏం చదివావు డాడ్. నేను అన్నిటికీ జవాబులు చెప్పాను. వాడు ప్రతి జవాబూ విన్నాడు. నిజం చెప్పాలంటే, ఆ ఏడాదంతటిలో నేను సంతోషంగా గడిపిన సమయం ఆ ముప్పావుగంట.

డాక్టరమ్మ రాకెట్‌ని చూసి చాలా ఆరోగ్యంగా ఉందంది. నేను నీల్ భుజం తట్టబోయాను. అప్పుడు వాడు జేబులోంచి ఇంకో జిప్ బ్యాగు తీశాడు. పొద్దున్నే వాడు ఆ రెట్టని జాగ్రత్తగా అందులోకి ఎత్తుకుని తెచ్చుకున్నాడు. ఆవిడ దాన్ని చూసి కనుబొమ్మలు ముడిచింది. లాబ్‌కి పంపిస్తానంది. డాక్టరనే మనిషి మొదట అడిగేది రెట్ట శాంపిలేనని నాకు తట్టనే లేదు. అక్కడే చెప్పేయొచ్చు. నీల్ నా పక్కనే నిలబడి నా చొక్కా అంచు పట్టుకుని ఉన్నాడు. ఆ చెయ్యి వదిలేస్తాడని చెప్పలేకపోయాను.

సోమవారం డాక్టరమ్మ నుంచి ఫోన్ వచ్చింది. శాంపిల్ నిండా పరాన్నజీవులు. జంతువు పైకి బాగున్నట్టు కనిపించడం మామూలేనని, ఆలస్యం చేయొద్దని, ఐదు రోజులు సిరంజితో నోట్లో మందు వేయమని చెప్పింది. ఆవిడ తప్పేమీ లేదు. నీల్ సాయంత్రం ఆరింటికి అలారం పెట్టుకున్నాడు. "ఒక రోజు ఆగి చూద్దాంరా" అన్నాను. "డాక్టర్ సెడ్ నౌ, డాడ్" అన్నాడు. వాడు పట్టుకున్నాడు, నేను నోరు తెరిపించాను. లేని జబ్బుకి మందు. రాకెట్ ఒళ్ళంతా నల్లబడి నోరు తెరిచి బుసకొట్టింది. నీల్ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ "సారీ, రాకెట్" అన్నాడు. మంగళవారం కూడా అంతే. బుధవారం పొద్దున్నకి అది కొమ్మ దిగి పంజరం మూల నల్లగా ముడుచుకుంది. కీచురాయి దాని ముక్కు మీద నడిచినా కదల్లేదు.

"నేను దేవుడి దగ్గర దీపం పెట్టాను. పిల్లాడు రెండు రోజుల నుంచీ సరిగ్గా తినడం లేదు," అంది వసుమతి. ఆవిడతో కూడా చెప్పలేదు.

ఆ రోజు స్కూల్ నుంచి వచ్చి నీల్ నేరుగా రామమోహన్ వాళ్ళింటికి వెళ్ళాడు. పది నిమిషాల్లో ఒక్కడే తిరిగొచ్చాడు.

"తాతయ్య రాను అన్నారు. ఆయనకి తెలీదు అన్నారు. హీ వాజ్ క్రయింగ్, డాడ్," అన్నాడు.

ముసలాయన ఏడవాలని నేననుకోలేదు. తప్పాలని మాత్రమే అనుకున్నాను. ఆ రెండింటికీ మధ్య ఏదో తేడా ఉందని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను.

ఆరింటికి అలారం మోగింది. నీల్ సిరంజిలో మందు ఎక్కించి, పంజరం తలుపు తీశాడు. రాకెట్ ఒక కన్ను మాత్రం తెరిచి, మూసుకుంది. నేను వాడి చేతిలోంచి సిరంజి లాక్కున్నాను.

చెప్పాను. ప్రతి మాటా వాడికి సరిగ్గా అర్థం కావాలని ఇంగ్లీషులోనే చెప్పాను. షాపు సంగతి, జిప్ బ్యాగు సంగతి, వాడు లేవకముందు పేపర్ టవల్ దగ్గర చేసిన పని, అన్నీ. ఎందుకు చేశావని వాడు అడగలేదు, అయినా చెప్పాను. "నువ్వు ఆయనతో మాట్లాడుతున్నావు, నాతో మాట్లాడడం లేదు. నాకు అసూయ పుట్టింది" అన్నాను. వంటింటి గుమ్మంలో వసుమతి చేతిలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. నీల్ బూట్లు వేసుకుని బయటికి వెళ్ళాడు.

పరంధామయ్యగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. దారిలో వాడే తెలుగులో చెప్పినట్టున్నాడు. ఆయన లోపలికొచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. తిడతారేమోనని తల వంచుకున్నాను. తిడితే బాగుండేది.

"అయితే ఆ రెట్ట దీనిది కాదా?" అన్నారు.

"కాదండీ."

"జబ్బు చేసిన జంతువుదేనా?"

"అవునండీ. కళ్ళు లోపలికి పోయిన దానిది."

ఆయన మొహం విప్పారింది. కుర్చీలో కూర్చుని మంకీ కాప్ తీసేసి నవ్వడం మొదలుపెట్టారు. "అంటే నాకు తెలీకపోవడం కాదన్నమాట! రెట్ట జబ్బుదే, జంతువు మంచిదే. రెండూ సరిగ్గానే చూశా! నాలుగు రోజుల్నించి అన్నం సయించలేదయ్యా. ముప్పై నాలుగేళ్ళు జనానికి తప్పుడు మాటలే చెప్పానా అని." కళ్ళు తుడుచుకుని నా వైపు చూశారు. "అడిగితే నీకూ నేర్పేవాణ్ణి కదయ్యా. ఇదేమన్నా బ్రహ్మవిద్యా?"

అప్పటికీ, ఆ మాట ఆయన అంత సులువుగా అనగలిగినందుకు కూడా, లోపల ఒక మూల కుళ్లుకున్నాను. నా సంగతి నాకు తెలుసు.

డాక్టరమ్మ చెప్పిన ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి నిజం చెప్పాను. ఆవిడ మందు ఆపేయమంది, నీళ్ళు బాగా పట్టమంది, కదిలించకుండా వదిలేయమంది. పెట్టేసే ముందు, ఆ షాపులో ఉన్న జంతువు సంగతి ఎవరైనా చూస్తున్నారా అని అడిగింది. ఆ ప్రశ్న నాకు ఆ క్షణం దాకా రాలేదు.

శనివారం పరంధామయ్యగారు విమానం ఎక్కారు. ఆదివారం పొద్దున్న నేను త్వరగా లేచాను. రాకెట్ మధ్య కొమ్మ దాకా ఎక్కి ఉంది. ఇంకా కొంచెం నల్లగానే ఉంది గానీ కళ్ళు రెండూ తిరుగుతున్నాయి. అడుగున, చాలా రోజుల తర్వాత, చిన్న రెట్ట పడి ఉంది. నీల్ అప్పటికే పంజరం ముందు గొంతుక్కూర్చుని పంటిపుల్లతో దాన్ని కదుపుతున్నాడు. బుధవారం నుంచి వాడు నాతో మాట్లాడలేదు, ఇంగ్లీషులో కూడా.

పక్కన కూర్చున్నాను. సున్నం తెల్లగానే ఉంది. ఆ మాట అనాలని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. సాయం చేద్దామని కొత్త పేపర్ టవల్ తీసుకుని పంజరం తలుపు వైపు చెయ్యి చాపాను.

నీల్ నా చేతికి అడ్డంగా తన చెయ్యి పెట్టాడు.

"కాగితం నేనే మారుస్తాను నాన్నా. నువ్వు దీన్ని ముట్టుకోవద్దు," అన్నాడు.

నేను అడగకుండా, నాతో, మొత్తం తెలుగులో. పదేళ్ళు ఎదురుచూశాను దానికోసం.

"సరే" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.